గునాహ్ డబ్బా కంప్యూటరుది కాదు

వించిపేట నుంచి సింగ్‌నగర్ దాకా, విజయవాడలో మన మొహల్లా ఏదైనా సరే, రెండు మాటలు తరచూ చెవిన పడుతున్నాయి. పెద్దల మాట ఒకటి: "కంప్యూటర్ ఆటలన్నీ జూదమే. హరాం." దోస్తుల మాట ఇంకోటి: "ఆ డబ్బా మీద ఏం గేములాడతావురా? కబాడీకి వేసెయ్." ఈ రెండు దెబ్బలూ ఒకే పిల్లాడి మీద పడుతున్నాయి. ఇంట్లో పదిహేనేళ్ల నాటి సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ పెట్టుకుని, దాని మీద కత్తులూ, మంత్రాలూ, డ్రాగన్లూ ఉన్న ఆన్‌లైన్ ఆట ఆడుకునే పిల్లాడు వాడు. వాడి తరఫున వకాల్తా నాది. ఎందుకంటే నా డబ్బా కూడా అదే బాపతు: కోర్ టూ డ్యుయో, రెండు జీబీల ర్యామ్, ఎండాకాలంలో మనకంటే ముందు ఆయాసపడే ఫ్యాను.

ముందు పెద్దల మాట. జూదం హరామే, అందులో బహస్ లేదు. సూరా మాయిదాలో మద్యాన్నీ మైసిర్‌నీ, అంటే జూదాన్నీ, ఒకే ఆయత్‌లో నిషేధించారు. మరి జూదమంటే ఏమిటి? డబ్బు పెట్టి, ఏం వస్తుందో తెలియకుండా, నసీబ్ మీద భారం వేయడం. మన సర్కార్లకే ఈ తేడా తెలిసింది. 2020లో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెం ఆటలను దేశమంతటా నిషేధించింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌నీ, పందెం లేని సోషల్ గేమ్స్‌నీ వేరుగా పెట్టింది. చట్టానికి కనబడిన తేడా మన బయాన్లలో ఎందుకు కనబడదు?

ఇది మాటల గొడవ అయితే వదిలేసేవాణ్ని. అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే అసలు దొంగ తప్పించుకుంటాడు. ఆ దొంగ కొత్త ఆటల్లో మెరిసే పెట్టె. డబ్బు కట్టి తెరవాలి. లోపల బంగారు కత్తి ఉండొచ్చు, పనికిరాని టోపీ ఉండొచ్చు. రాకపోతే మళ్లీ కట్టు, మళ్లీ తెరువు. ఇది ఖిమార్ కాకపోతే మరేమిటి? బెల్జియం 2018లోనే ఇలాంటి పెట్టెలను జూదంగా లెక్కగట్టింది. మన ఇళ్లలో మాత్రం ఖరీదైన ఫోన్‌లో పెట్టెలు తెరిచే కొడుకు "స్మార్ట్". మూల గదిలో పాత మానిటర్ ముందు కూర్చుని, పైసా కట్టకుండా గంటసేపు చేపలు పట్టి, ఇనుము కరిగించి, తన కత్తి తానే చేసుకునే కొడుకు "బర్బాద్". ఇదెక్కడి ఇన్సాఫ్?

ఆ చేపలు పట్టే ఆట పేరు రూన్‌స్కేప్. 2001 జనవరిలో ఇంగ్లండ్‌లో మొదలైంది. బ్రౌజర్‌లో నడిచేది కాబట్టి ఇంటర్నెట్ సెంటర్‌లోని నాసిరకం మెషిన్ మీద కూడా ఆడుకోగలిగేవాళ్లు. 2012లో ఆ కంపెనీ ఆటలో అదృష్ట చక్రం ఒకటి పెట్టింది. డబ్బు కట్టి తిప్పమంది. ఆడేవాళ్లలో చాలామంది మండిపడ్డారు, పాత ఆటే కావాలన్నారు. 2013లో ఓటింగ్ పెట్టారు. లక్షల ఓట్లు పడ్డాయి. 2007 ఆగస్టు నాటి బ్యాకప్ తీసి, దాన్నే ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ పేరుతో మళ్లీ తెరిచారు. అందులో చక్రం లేదు. నెల చందా ఉంది, కడితే ఏం దొరుకుతుందో ముందే రాసి ఉంటుంది. కట్టకపోయినా కొంత ఆట ఫ్రీ. అది ఈనాటికీ నడుస్తోంది, నాలాంటి వాడి డబ్బా మీద కూడా నడుస్తోంది. కొత్తదల్లా మంచిది అనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

ఇక దోస్తుల మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ ఇళ్లలో టీవీలు, ఫ్రిజ్‌లు, పరుపులు బురదలో నానిపోయాయి. ఆ నష్టం నుంచి ఒక్కో సామాను కూడబెట్టుకుంటున్న అబ్బాజాన్ దగ్గరికెళ్లి లక్ష రూపాయల గేమింగ్ పీసీ ఈఎంఐలో అడగమంటారా? ఇస్రాఫ్ అంటే దుబారా. పెళ్లిలో నాలుగు రకాల బిర్యానీ వండిస్తే ఇస్రాఫ్ అంటాం. బతికున్న కంప్యూటర్‌ని చెత్తలో వేయడం ఇస్రాఫ్ కాదా?

చెత్తలో వేయించే పని దోస్తులే కాదు, పెద్ద కంపెనీలూ చేస్తున్నాయి. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి సపోర్ట్ ఆగింది. విండోస్ 11కేమో టీపీఎం 2.0 చిప్ కావాలి, అది మన పాత మెషిన్లలో ఉండదు. బాగున్న మెషిన్‌కి కఫన్ కప్పుతున్నారన్నమాట. సపోర్ట్ లేని విండోస్‌తో ఆన్‌లైన్‌కి వెళ్లడం ఖతర్నాక్, నిజమే. దానికి ఇలాజ్ కొత్త పీసీ ఒక్కటే కాదు. లినక్స్ ఫ్రీ. తక్కువ ర్యామ్‌తో సర్దుకునే లుబుంటు లాంటివి అందులో ఉన్నాయి. పాత హార్డ్ డిస్క్ తీసి చిన్న ఎస్‌ఎస్‌డీ వేస్తే ముసలి మెషిన్ లేచి నడుస్తుంది. ఈ పని చేతులతో చేసిన పిల్లాడు ఒక హునర్ నేర్చుకున్నట్టే. ఆట కోసం నేర్చుకున్నాడని ఆ హునర్ విలువ తగ్గదు.

"మంత్రాలు, జిన్నులు, మాయలు, ఇవన్నీ మనకెందుకు?" అనే హజ్రత్‌లకు ఒక మాట. తిలిస్మ్-ఎ-హోష్‌రుబా ఎవరిది? 1883 నుంచి లక్నో నవల్ కిశోర్ ప్రెస్ సంపుటాల మీద సంపుటాలుగా అచ్చేసిన ఉర్దూ దాస్తాన్ అది. మాయల కోటలు, జాదూగర్లు, అయ్యార్ల తెలివితేటలు. అందులో అమర్ అయ్యార్ దగ్గర జంబీల్ అనే సంచి ఉంటుంది, ఎంత వేసినా నిండదు. ఈ ఆటల్లో ప్రతివాడి భుజానా ఆ సంచే. మన బుజుర్గులు రాత్రంతా మేలుకుని విన్న కథనే మనవడు కీబోర్డు మీద ఆడుతున్నాడు. తాతకు అదబ్, మనవడికి గునాహ్ ఎలా అవుతుంది?

నమాజ్ ఖజా చేసి, చదువు అటకెక్కించి ఆడితే తప్పు కాదా అంటారు. తప్పే. క్రికెట్ ఆడి ఎగ్గొట్టినా తప్పే, టీ కొట్టు దగ్గర గప్పాలు కొట్టి ఎగ్గొట్టినా తప్పే. ఆ తప్పు టైమ్‌ది. దాన్ని తెచ్చి కంప్యూటర్ వయసుకీ, డ్రాగన్ తోకకీ కట్టొద్దు.

మౌలానా సాబ్, వచ్చే జుమాకి ఆ మెరిసే పెట్టెల మీద బయాన్ ఇవ్వండి. అబ్బాజాన్లూ, "ఏం ఆడుతున్నావ్?" అని కసరడం మాని "ఎంత కట్టావ్, దేనికి కట్టావ్?" అని అడగండి. సున్నా అని జవాబొస్తే పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఆ కత్తి ఎలా చేశాడో చెప్పించుకోండి. బేటా, నువ్వు మాత్రం నీ డబ్బాని చూసి సిగ్గుపడకు. ఫ్యానులో దుమ్ము దులుపు, అంతే.