ముందు పుస్తకం, తర్వాతే బొమ్మ!

రైలు ప్రయాణానికి నవల చెప్పమంటే నలుగురూ డిటెక్టివ్ నవలే చెబుతారు. నాలుగో స్టేషను దాటేసరికి హంతకుడెవరో తేలిపోతుంది. ఆ తర్వాత కిటికీలోంచి కరెంటు స్తంభాలు లెక్కపెట్టుకోవడమే!

అందుకే, ఎడిటింగు శాఖలో పనిచేసే మిత్రుడొకాయన "గురూ, రెండు రాత్రుళ్ల ప్రయాణం. ఏదన్నా మంచి పుస్తకం చెబుదూ" అన్నప్పుడు, గేబ్రియల్ గార్షియా మార్క్వెజ్ రాసిన 'వందేళ్ల ఏకాంతం' పట్టుకెళ్లమన్నాను. 1967లో స్పానిష్‌లో వచ్చిన నవల. గ్రెగరీ రబాసా చేసిన ఇంగ్లీషు అనువాదం 1970లో వచ్చింది.

"కథ ఒక్క ముక్కలో చెప్పు" అన్నాడు. సినిమా బుద్ధి ఎక్కడికి పోతుంది?

"మకొండో అనే ఊరు. అందులో ఒక కుటుంబం. ఏడు తరాలు."

"మాయలూ మంత్రాలూ ఉంటాయటగా, మన విఠలాచార్యగారి బాణీయా?"

కాదు సుమా! 'మాయాబజార్' (1957)లో ఘటోత్కచుడు శశిరేఖ వేషం వేస్తే అది మాయేనని మనకి తెలుసు, చప్పట్లు కొడతాం. మార్క్వెజ్ కథలో ఒక అందగత్తె దుప్పట్లు మడతపెడుతూ పెడుతూ ఆకాశంలోకి లేచిపోతే, ఇంటి కోడలు బెంగపడేది పోయిన దుప్పట్ల కోసం! అదే ఊళ్లో ఐసుగడ్డని చూసి మాత్రం నోరెళ్లబెడతారు. అదీ ఆయన కిటుకు.

ఇదంతా వట్టి వినోదమనుకునేరు. 1928 డిసెంబరులో కొలంబియాలోని సియెనగాలో, సమ్మె కట్టిన అరటితోటల కూలీల మీద సైన్యం కాల్పులు జరిపింది. ఎందరు పోయారో లెక్క ఈనాటికీ తేలలేదు. నవలలో శవాల రైల్లోంచి బతికి బయటపడ్డ మనిషి ఊరికొచ్చి చెబితే, ఇక్కడెవరూ చావలేదే అంటారు జనం. అమ్మాయి ఆకాశానికి ఎగిరిపోయిందంటే నమ్మిన ఊరు, కూలీలు చచ్చిపోయారంటే నమ్మదు! మా ఎడిటరు మిత్రుడికి అదే చెప్పాను: "సినిమాలోంచి సీను కత్తిరించడం నీకు తెలుసు. ఊరి జ్ఞాపకంలోంచి కత్తిరించడం ఎలాగో ఇందులో చూడు."

మార్క్వెజ్‌కి సినిమా తెలియదా అంటే, 1955లో రోమ్ వెళ్లి సినిమా చదువుకున్నాడు, మెక్సికోలో స్క్రిప్టులు రాశాడు. 1982లో నోబెల్ బహుమతి వచ్చింది. అయినా ఈ నవలని మాత్రం బతికుండగా తెరకివ్వలేదు. పాఠకుడు పాత్రల్లో తన తాతనీ మేనత్తనీ చూసుకోవాలనీ, నటుల ముఖాలు అతికిస్తే అది పోతుందనీ ఆయన బాధ. 2014లో ఆయన కన్నుమూశాక, కొడుకులు ఒప్పుకున్న మీదట, 2024 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో మొదటి భాగం 8 ఎపిసోడ్లుగా వచ్చింది.

మీరు చదివేట్టయితే ఒక్క మాట. తాత పేరే మనవడికీ, మునిమనవడికీ ఉంటుంది. కల్నల్‌గారి 17 మంది కొడుకులదీ ఒకటే పేరు! కంగారుపడకండి. మన ఇళ్లలో మాత్రం తాతల పేర్లు పెట్టుకోమూ?

సీరియల్ ఎక్కడికీ పోదు, తర్వాత చూడొచ్చు. ముందు పుస్తకం తెరిచి, ఆ ఇంటిని ఒంటిచేత్తో నిలబెట్టిన ఉర్సులా ముసలమ్మకి మీ నాయనమ్మ ముఖం పెట్టుకుని చదవండి. తెరమీద ఇంకొకరి ముఖం చూసేశాక, ఆ ముఖం మళ్లీ రమ్మన్నా రాదు.