మా ఇంటి మీది బరకం

మాది తాటాకు ఇల్లు. ప్రతి వానాకాలానికి ముందు నాన్న దానిమీద ఒక నీలి బరకం కప్పుతాడు. మరుసటి ఎండాకాలానికి చేత్తో పట్టుకుంటే పొడి రాలుతుంది. మళ్లీ కొత్తది. మిరపకాయలు ఎండబోసే కల్లంలోనూ ఇదే కథ. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేనే. ఎం.ఎస్సీ. కెమిస్ట్రీలో చేరాకగానీ ఆ పొడి ఏమిటో తెలియలేదు.

బరకం అంటే పాలిథిన్ పోగుల నేత, దానికి రెండు వైపులా పాలిథిన్ పూత. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఆ పొడవాటి అణువుల గొలుసులను తెంచేస్తాయి. తట్టుకునే రసాయనం కలిపితే ఏళ్లు ఆగుతుంది. లేకపోతే పొడై మట్టిలోనూ మిరపకాయల్లోనూ కలుస్తుంది. చదరపు మీటరుకు 250 గ్రాముల రకం, 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పుది 12 కిలోలు తూగుతుంది. నాన్న కొనేది అందులో సగం కూడా ఉండదు. చవకని కొంటాం, ఏటా కొంటాం. ఆయన్ని తప్పుపట్టను, కూలి డబ్బులు ఒక్కసారిగా అంత చేతికి రావు కదా!

లారీలకు కట్టేది వేరు. పాలిస్టర్ గుడ్డకు పీవీసీ పూత. గట్టిదే, కానీ రెండు ప్లాస్టిక్కులు అతుక్కుని ఉంటాయి గనుక విడదీసి కరిగించడం కష్టం. వెనకటి మైనం కాన్వాసు బరువు, తడిస్తే కుళ్లేది, అయినా మట్టిలో కలిసేది.

నా భయమంతా ఫ్లెక్సీల గురించి. అవీ పీవీసీయే. నాయకుడి పుట్టినరోజు అయిపోగానే ఆ ఫ్లెక్సీ మా వాడలో ఎవరి ఇంటి మీదికో చేరుతుంది. చిరిగాక ముక్కలు పొయ్యిలోకి. మా అమ్మ అలాగే పొయ్యి రాజేసేది. శుద్ధ పీవీసీ బరువులో సుమారు 57 శాతం క్లోరినే. కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్లు వస్తాయి. పాలిథిన్‌లో క్లోరిన్ లేదు (అలాగని దాన్ని కాల్చమని కాదు). 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లను 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించారు. మందమైనవి కడుతూనే ఉన్నారు. ఫొటో వాళ్లది, పొగ మా అమ్మది.

ఇళ్లకూ కల్లాలకూ ఎండకు ఆగే మందపాటి పాలిథిన్ బరకమే మేలని నా అభిప్రాయం. అది సబ్సిడీ మీద కౌలుదారుకూ, కూలీకీ కూడా అందాలి. పొలం కాగితం చూపించినవాడికే ఇస్తే మా నాన్నకు రాదు.

అమ్మకు ఇదంతా చెప్పాను. "మరి పొయ్యి దేనితో రాజెయ్యను రా?" అంది. ఎండు కంప ఏరి తెచ్చి పెట్టాను. సెలవులు అయ్యేదాకా సరిపోయింది.

ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి మన హాస్టల్ గేటుకు గుడ్డ బ్యానరే కట్టి ఉంటుంది. వార్డెన్ గారు ఒప్పుకున్నారు. ఆ వంకర అక్షరాలు నావే తమ్ముళ్లూ, నవ్వకండి.