నెట్ కంపెనీ మార్చాలా? ఉన్నవాడితోనే మాట్లాడుకోవాలా?

కోనసీమ గ్రామాలలో ధాన్యం ధర, కొబ్బరికాయ ధర తర్వాత ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తున్నది నెట్ బిల్లు గొడవే. "మీకు నెలకెంత పడుతోందండి?" అని ఒకరు అడగటం, "అంత ఎందుకు కడుతున్నారండీ, మా వీధిలోకి వేరే కంపెనీ వచ్చింది" అని మరొకరు చెప్పటం పాలకేంద్రాల దగ్గర, టీ దుకాణాల దగ్గర మామూలైపోయింది. ఆ మాట విని కొందరు మరునాడే పాత కనెక్షన్ తీయించేస్తున్నారు. మరికొందరు నెలలో పది రోజులు లైను లేకపోయినా నోరెత్తకుండా పూర్తి డబ్బు కట్టేస్తున్నారు. ఈ రెండూ నష్టపు పనులే.

ఇది సినిమాలు చూసుకునే సరదాకు సంబంధించిన విషయమని తీసిపారేయటానికి వీల్లేదు. పట్నం కంపెనీలో ఉద్యోగం చేస్తూ ఇంటి దగ్గరే కూర్చుని పనిచేసే కుర్రవాళ్లు చాలా ఊళ్లలో ఉన్నారు. రొయ్యల చెరువు గట్టు మీద కెమెరా పెట్టుకుని రాత్రిపూట ఇంటి నుంచే కాపలా కాసుకునే రైతులున్నారు. ఇంటర్ పాసైన అమ్మాయికి ఇంజనీరింగ్ కౌన్సెలింగులో కళాశాలలు ఎంచుకునే గడువు కొద్ది రోజులే ఉంటుంది. సరిగ్గా ఆ రోజులలో లైను పోతే తండ్రి మోటారు సైకిలు మీద పిల్లను ఎక్కించుకుని పక్క ఊరి ఇంటర్నెట్ దుకాణానికి పరుగెత్తాలి. అందుకే ఏ కంపెనీ అన్నది ఇప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవలసిన సంగతి అయింది.

పదేళ్ల కిందట ఈ చర్చకే తావు లేదు. రాష్ట్ర ప్రభుత్వం విద్యుత్ స్తంభాల మీదుగా ఫైబర్ తీగ లాగించి, 2016 డిసెంబరులో మన కోనసీమలోని మోరి గ్రామంలో పని మొదలు చూపించింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ అమరావతిలో ఫైబర్ పథకాన్ని ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోను మూడూ ఇస్తామన్న మాట అప్పుడు ఊరూరా మారుమోగింది. ఆ ధర తర్వాత పెరిగింది. 2020లో బీఎస్ఎన్ఎల్ 449 రూపాయల ఫైబర్ ప్లాను తెచ్చింది. 2023 సెప్టెంబరులో జియో సంస్థ తీగ లేకుండా డాబా మీద పెట్టే ఎయిర్ ఫైబర్‌ను హైదరాబాదుతో సహా ఎనిమిది నగరాలలో మొదలుపెట్టింది. ఒకే దుకాణం ఉన్న ఊళ్లో ధర అడగటం దండగ. రెండు దుకాణాలు ఉన్నప్పుడే బేరానికి విలువ. ఆ అవకాశం ఇప్పుడిప్పుడే గ్రామాలకు వస్తోంది. దానిని వాడుకోవటం తెలియాలి.

కరపత్రంలో ధర వేరు, కట్టే ధర వేరు

మొదట లెక్క చూడాలి. నెట్ మీద నూటికి 18 రూపాయల జీఎస్టీ ఉంది. కరపత్రాలలో పెద్ద అక్షరాలతో వేసే ధరలో సాధారణంగా ఇది కలిసి ఉండదు. ఇప్పుడు పన్నుతో కలిపి నెలకు 600 కడుతున్న ఇంటికి 'కేవలం 499' అని కరపత్రం వచ్చిందనుకుందాం. పన్ను కలిపితే అది 589 అవుతుంది. నెలకు మిగిలేది 11 రూపాయలు, ఏడాదికి 132 రూపాయలు. కొత్తవాడు బిగింపు ఖర్చని వెయ్యి రూపాయలు తీసుకుంటే, ఆ వెయ్యి తిరిగి రావటానికి ఏడేళ్లు దాటుతుంది. ఈ చిన్న లెక్క పలక మీద వేసుకుంటే సగం మంది కంపెనీ మార్చే ఆలోచన అక్కడే మానుకుంటారు.

బిగింపు ఉచితం అన్నచోట మరొక మెలిక ఉంటుంది. ఆరు నెలలకో, ఏడాదికో ముందే రొక్కం కట్టమంటారు. అంత డబ్బు ముందే చేతికి ఇచ్చాక లైను రాకపోతే అడిగే బలం ఎక్కడిది? నెలనెలా కట్టేవాడికి నెలాఖరున మర్యాద దక్కుతుంది. ఏడాది డబ్బు కట్టేసినవాడిని మరుసటి ఏడాది దాకా పలకరించే నాథుడుండడు. కొత్త కంపెనీకి కనీసం మొదటి మూడు నెలలు నెలవారీగానే కట్టటం మేలు. బిగింపు ఖర్చు పడినా సరే.

వేగం గురించి కూడా నాలుగు మాటలు చెప్పుకోవాలి. 30 ఎంబీపీఎస్ అంటే ఒక జీబీ సినిమా సుమారు నాలుగున్నర నిమిషాలలో దిగుతుంది. వీడియోలో పాఠం వినటానికి రెండు మూడు ఎంబీపీఎస్ నికరంగా వస్తే చాలు. నలుగురున్న ఇంటికి ముప్పై నిలకడగా వస్తే లోటు లేదు. వంద, రెండు వందలు అని చెప్పేవాడి మాట కన్నా ఆ ముప్పై రాత్రి ఎనిమిది గంటలకు కూడా వస్తుందా అన్నదే అడగవలసిన ప్రశ్న. డేటా పరిమితి దాటాక వేగం ఎంతకు పడిపోతుందో కూడా అడగాలి. 2023 జనవరిలో కేంద్రం మార్చిన నిర్వచనం ప్రకారం కనీసం 2 ఎంబీపీఎస్ ఉంటేనే దానిని బ్రాడ్‌బ్యాండ్ అనాలి.

ఇంకొక సంగతి. ఫిర్యాదులలో కొన్ని అసలు కంపెనీ తప్పులు కావు. బాక్సును తెచ్చి ఇనుప బీరువా వెనకో, టీవీ వెనకో దాచి, పెరటి గదిలో సిగ్నల్ లేదని గొడవ పడుతుంటారు. పాత మండువా ఇళ్ల గోడలు మూరెడు మందం. వాటిని దాటి వైఫై పోవటం కష్టం. బాక్సు పక్కనే నిలబడి ఫోనులో వేగం చూడాలి. అక్కడ బాగా వచ్చి గదిలో రాకపోతే లోపం ఇంట్లో ఉంది. కంపెనీ మార్చినా ఆ గోడ మారదు కదా!

పేరు మారినా మనిషి అతనే

ఊళ్లలో చాలామంది గమనించని విషయం మరొకటుంది. బిల్లు మీద కంపెనీ పేరు ఒకటి ఉండవచ్చు. స్తంభం నుంచి ఇంటికి తీగ లాగింది, తెగితే అతికేది మాత్రం ఊళ్లోని కేబుల్ ఆపరేటరే. ప్రభుత్వ ఫైబర్ కూడా కేబుల్ ఆపరేటర్ల ద్వారానే ఇళ్లకు చేరింది. బీఎస్ఎన్ఎల్ ఫైబర్ కూడా చాలాచోట్ల స్థానిక భాగస్వాముల చేతి మీదుగానే నడుస్తోంది. ఒకే ఆపరేటరు రెండు కంపెనీల కనెక్షన్లు ఇస్తున్న ఊళ్లూ ఉన్నాయి. అటువంటిచోట పాతది తీయించి కొత్తది పెట్టించుకుంటే వచ్చేది అదే కుర్రవాడు, అదే నిచ్చెన, అదే ఆలస్యం. కాబట్టి 'మీ కంపెనీ ధర ఎంత' అనే ముందు 'లైను తెగితే ఎవరొస్తారు, ఎక్కడి నుంచి వస్తారు' అని అడగటం అవసరం.

కోనసీమలో లైను తెగటం అరుదైన పని కాదు. గాలి వీస్తే కొబ్బరి మట్ట పడుతుంది. తీగ పోతుంది. బాక్సు మీద ఎర్ర లైటు వెలుగుతుంది. అంటే వెలుతురు సంకేతం ఇంటిదాకా రావటం లేదని అర్థం. ఎన్నిసార్లు స్విచ్చి ఆపి వేసినా అది పోదు. మనిషి రావలసిందే. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను తీరం దాటినప్పటి పరిస్థితిని ఈ ప్రాంతం వారు మరచిపోయి ఉండరు. కరెంటు స్తంభాల మీద వేలాడే తీగకు స్తంభం గతే పడుతుంది. తీగ లేని ఎయిర్ ఫైబర్‌కు ఆ బాధ తక్కువే గాని, దానికి టవరు వైపు అడ్డు లేకుండా చూపు ఉండాలి. దట్టమైన కొబ్బరి తోటలు సిగ్నల్‌ను మింగేస్తాయి. డాబా మీద నుంచి టవరు కనిపించే ఇంటికి అది పనికివస్తుంది. తోట మధ్య ఇంటికి డబ్బు కట్టే ముందే బాక్సు పెట్టి చూపించమనాలి.

బేరం ఎలా చేయాలి

కోపంతో చేసే బేరం నిలవదు. ఊళ్లో మాటలు ఇలా నడుస్తాయి.

"ఏం బాబూ, పది రోజులు లైను లేదు. పూర్తి డబ్బులెందుకు ఇవ్వాలి?"

"పైనుంచే లైను లేదండి పిన్నిగారూ. నా చేతిలో ఏముందండి?"

అంతటితో పిన్నిగారు డబ్బు తెచ్చి ఇచ్చేస్తారు. కుర్రవాడు మన ఊరివాడు, వాళ్ల నాన్న తెలిసినవాడు. మొహమాటం.

ఆ మొహమాటం అవసరం లేదు. అతని మాటలో నిజం కొంత ఉంది. కంపెనీ నిర్ణయించిన ధరను తగ్గించటం అతని వల్ల కాదు. వచ్చిన డబ్బులో కంపెనీకి వాటా కట్టాలి. కాని అతని చేతిలో ఉన్నవీ కొన్ని ఉన్నాయి. పాత ప్లాను నుంచి కొత్త ప్లానుకు మార్చవచ్చు. కంపెనీలు కొత్తవారికి మంచి ప్లానులు పెట్టి, పాతవారిని పాత ప్లానులోనే ఉంచేస్తుంటాయి. అడిగినవాడికే మార్పు. పాతబడిన బాక్సు మార్చి ఇవ్వవచ్చు. స్తంభం దగ్గర అతుకుల తీగ తీసి కొత్తది లాగవచ్చు. పనిచేయని రోజులకు తగ్గింపు కోసం కంపెనీకి రాయవచ్చు. మూడు పనిదినాలు దాటినా లోపం సరిచేయకపోతే అద్దెలో తగ్గింపు ఇవ్వాలన్న సూత్రం 2006 నాటి ట్రాయ్ నియమాలలోనే ఉంది. గ్రామాలలో దాన్ని అడిగినవారే తక్కువ.

అడగాలంటే ఆధారం ఉండాలి. కుర్రవాడికి ఫోను చేస్తే అది ఫిర్యాదు కాదు. కంపెనీ ఫోను నెంబరుకు చెప్పి ఫిర్యాదు నెంబరు తీసుకోవాలి. దానిని తేదీతో సహా క్యాలెండరు మీద రాసుకోవాలి. 2012 నియమాల ప్రకారం ఆ నెంబరు ఇవ్వటం కంపెనీ విధి. పరిష్కారం నచ్చకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి రాసుకోవచ్చు. రుసుము లేదు. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదులను తాను విచారించదు. అయితే టెలికం సేవల మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. 1915 నెంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. నాలుగు వందల బిల్లుకు అంత దూరం వెళ్లేవారు ఉండరనుకోండి. వెళ్లగలరని ఎదుటివాడికి తెలిస్తే చాలు.

ఒంటరిగా అడగటం కన్నా కలిసి అడగటం మరింత పనిచేస్తుంది. ఫైబర్‌లో ఒక తీగ నుంచి చీలిక పెట్టి పలు ఇళ్లకు పంచుతారు. అక్కడ లోపం వస్తే ఆ ఇళ్లన్నిటికీ ఒకేసారి లైను పోతుంది. ఆ వీధివాళ్లంతా కలిసి ఒకే రోజున వెళ్లి, 'పదిహేను రోజులలో లైను బాగుచేయండి, లేకపోతే అందరం మారుతున్నాం' అంటే ఆపరేటరు కూడా ఆ కాగితం పట్టుకుని కంపెనీవాళ్ల మీద ఒత్తిడి తేగలడు. ఒక ఇల్లు పోతే అతనికి లెక్క కాదు, వీధి పోతే ఆ నెల జీతాలకే కటకట. నీటి తూము దగ్గర కలిసి నిలబడే రైతులకు ఈ పద్ధతి కొత్తగా నేర్పవలసిన అవసరం లేదు.

ఇంత అడిగినా కదలకపోతే అప్పుడు మారవలసిందే. అలా మారేవారు తొందరపడి పాతది ముందే తీయించరాదు. మొబైల్ ఫోనుకు 2011 నుంచి నెంబరు పోకుండా కంపెనీ మార్చుకునే వీలుంది. ఇంటి నెట్‌కు ఆ వీలు లేదు. ఇది కొత్త కనెక్షన్, అది మూసివేత. రెండూ వేరువేరు పనులు. కనీసం పదిహేను రోజులు రెండూ ఉంచి, రాత్రివేళల్లో, వాన పడిన రోజున కొత్తది ఎలా ఉందో చూసి పాతది వదలాలి. ఆ అర నెల అద్దె దండగ కాదు. అదే బాక్సులో టీవీ కూడా వస్తుంటే నెట్‌తో పాటు టీవీ కూడా పోతుంది. దాని ఖర్చు విడిగా వేసుకోవాలి. ల్యాండ్‌లైను నెంబరు పోతుందేమో అడగాలి. కొత్త బాక్సుకు పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డు పెట్టించుకుంటే ఫోనులు, చెరువు దగ్గరి కెమెరా మళ్లీ కలుపుకునే శ్రమ చాలావరకు తప్పుతుంది.

పాత బాక్సు తిరిగి ఇచ్చేటప్పుడే ఎక్కువ తగవులు వస్తున్నాయి. 'ఇచ్చాం' అని ఇంటివారు, 'అందలేదు' అని ఆపరేటరు. మధ్యలో డిపాజిట్ మునుగుతుంది. బిల్లూ ఆగదు. ఈ విషయంలో ఆపరేటర్లు కూడా తమ బాధ్యత గుర్తించాలి. రేషను దుకాణం ముందు ధరల పట్టిక కట్టినట్లే, ప్రతి కేబుల్ ఆఫీసు ముందు పన్నుతో కలిపిన నెల ధర, బిగింపు ఖర్చు, మూసివేత పద్ధతి తెలుగులో రాసి పెట్టాలి. డబ్బు తీసుకున్నా, బాక్సు తీసుకున్నా తేదీ వేసి రశీదు ఇవ్వాలి. కంప్యూటరు బిల్లే కానక్కరలేదు. కార్బన్ కాగితం పెట్టి చేత్తో రాసినదైనా చాలు.