పేరుకే వనపర్తి రోడ్డు!

మన జిల్లా పేరు మోసే రైల్వే స్టేషన్ ఒక్కటే, వనపర్తి రోడ్డు. అది ఉన్నది వనపర్తిలో కాదు, మదనాపురంలో. రైల్వే వాళ్లు స్టేషన్ పేరు చివర ‘రోడ్డు’ అని తగిలించారంటే, ఊరు అక్కడ లేదు, అక్కడి నుంచి రోడ్డు పట్టుకుని పోవాలని అర్థం. గోపాల్‌పేట రైతు రైలెక్కాలంటే వనపర్తి దాటి, కొత్తకోట దాటి మదనాపురం చేరాలి. పక్కనున్న నాగర్‌కర్నూల్ జిల్లాకు ఆ మాత్రం భాగ్యం కూడా లేదు. ఆ జిల్లాలో నేటికీ ఒక్క స్టేషన్ లేదు.

నిజాం కాలంలో, 1916లో సికింద్రాబాద్ నుంచి గద్వాల దాకా మీటర్‌గేజ్ లైను పడింది. అప్పటికి గద్వాల, వనపర్తి, గోపాల్‌పేట మూడూ సంస్థానాలే. పట్టాలు గద్వాలకు చేరాయి గానీ వనపర్తిని, గోపాల్‌పేటను పక్కన పెట్టాయి. 1990లలో బ్రాడ్‌గేజ్ వచ్చింది. 2013లో గద్వాల–రాయచూరు లైను పూర్తయింది. సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ మధ్య 85 కిలోమీటర్ల రెండో లైను 2023 ఏప్రిల్‌లో జాతికి అంకితమైంది. అదే ఏడాది ఆగస్టులో మహబూబ్‌నగర్–డోన్ రెండో లైనుకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఇవన్నీ మంచివే. అయితే లైన్లు పెరిగినంత మాత్రాన రైతుకు ఒరిగేదేమిటన్నదే మా ప్రశ్న.

స్టేషన్ అంటే టికెట్ కిటికీ ఒక్కటే కాదు. ఒక పూర్తి రేక్‌లో సుమారు 2,600 టన్నుల యూరియా వస్తుంది. 45 కిలోల బస్తాల లెక్కన 57 వేల పైచిలుకు బస్తాలు. ఆ రేక్ ఎంత దగ్గర దిగితే సొసైటీకి ఎరువు అంత త్వరగా అందుతుంది. దూరాన దిగితే లారీల కోసం చూడాలి, లారీ వచ్చేదాకా రైతు చెప్పులు వరుసలో ఉండాలి. అదును దాటాక వచ్చిన యూరియా ఎవరికి కావాలి?

పంట పంపడమూ అంతే. మన యాసంగి వేరుశనగకు, కొల్లాపూర్ మామిడికి దూరపు మార్కెట్లలో గిరాకీ ఉంది. 2020 సెప్టెంబర్ 9న అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు కదిలింది. టమాటా, అరటి, బత్తాయి, బొప్పాయి అందులో వెళ్లాయి. పండ్లు, కూరగాయల రవాణా చార్జీలో సగం రాయితీ కూడా ఇచ్చారు. అనంతపురానికి సాధ్యమైంది పాలమూరుకు ఎందుకు కాదు? రెండు నిమిషాలు ఆగే బండిలో పంట ఎక్కించలేం. అందుకు షెడ్డు కావాలి, కాటా కావాలి, బండి ఆగే సమయం కావాలి.

వలస కూలీ సంగతి చెప్పనక్కర్లేదు. కరోనా తర్వాత ప్యాసింజర్ బండ్లకు ఎక్స్‌ప్రెస్ పేరు పెట్టి కనీస చార్జీ 10 రూపాయల నుంచి 30కి పెంచారు. దాన్ని మళ్లీ 10 చేసింది 2024 ఫిబ్రవరిలో. మధ్యలో నడ్డి విరిగింది పేదవాడికే.

ఇక కొత్త లైను. గద్వాల–మాచర్ల లైను కోసం దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నాం. డోర్నకల్ నుంచి సూర్యాపేట, నల్లగొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి మీదుగా గద్వాలకు దాదాపు 296 కిలోమీటర్ల లైనుకు తుది సర్వే మంజూరైంది. లైను రావాలి. మేము అడ్డుపడం. కానీ పాలేరు ప్రాంత రైతులు ఇప్పటికే తమ భూముల కోసం ఆందోళన చెందారు. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లతో ఇప్పుడిప్పుడే పచ్చబడుతున్న మన చెలకలకూ ఆ గతి పట్టరాదు. రైల్వే కోసం తీసుకునే భూమికీ 2013 చట్టం ప్రకారమే పరిహారం ఇవ్వాలి. మార్కెట్ విలువకు గ్రామీణ గుణకం కట్టి, దానిపై నూరు శాతం సొలేషియం కలపాలి. రిజిస్ట్రేషన్ కాగితాల్లో రేటు తక్కువ రాయించుకున్న చోట ఆ నష్టం రైతు నెత్తినే పడుతుంది. అందుకే ఊరూరా సభ పెట్టి, అసలు ధర తేల్చాకే గొలుసు వేయాలి.

మా డిమాండ్లు సూటివి. వనపర్తి రోడ్డులో ఎరువుల రేక్, పంటల లోడింగ్ సౌకర్యం కల్పించాలి. గోపాల్‌పేట, వనపర్తి నుంచి బండ్ల వేళకు ఆర్టీసీ బస్సులు నడపాలి. వేరుశనగ, మామిడి సీజన్‌లో కిసాన్ రైలు వేయాలి. కొత్త లైను అలైన్‌మెంట్‌ను గ్రామసభల ముందు పెట్టాలి.

ఈ నెల ప్రతి గ్రామ కమిటీ ఈ నాలుగు అంశాలపై తీర్మానం చేసి, సంతకాలతో జిల్లా కార్యాలయానికి పంపాలి. ఎక్కడో ఢిల్లీలో గీత గీస్తే మన పొలంలో రాయి పడుతుంది. ఆ గీత గీసే ముందే మన మాట వినిపిద్దాం.