ఆ విచారణ నివేదికను పూర్తిగా బయటపెట్టండి

హార్వర్డ్ విశ్వవిద్యాలయ అధ్యక్షులు అలన్ గార్బర్ గారికి,

అమెరికన్ ఫైనాన్షియర్ జెఫ్రీ ఎప్‌స్టీన్ 1998–2008 మధ్య మీ విశ్వవిద్యాలయానికి 91 లక్షల డాలర్లు ఇచ్చాడని 2020లో మీ నివేదికే చెప్పింది. నన్ను ఎక్కువ కలచివేసింది ఆ సొమ్ము కాదు. మైనర్ బాలికకు సంబంధించిన నేరంలో జైలుకెళ్లి వచ్చాక కూడా అతను మీ ప్రాంగణానికి 40 సార్లకు పైగా వచ్చాడు. అక్కడ అతనికో గది, లోపలికి వెళ్లేందుకు కార్డు! శిక్ష పడ్డవాడికి పెద్దమనిషి హోదా తిరిగి వచ్చింది ఇలాంటి గదుల్లోనే.

ఆ కేసులో ఫ్లోరిడాలోని ఫెడరల్ ప్రాసిక్యూటర్లు బాధితులకు చెప్పకుండానే అతనితో ఒప్పందం కుదుర్చుకున్నారు. అలా దాచడం చట్టవిరుద్ధమని 2019లో ఫెడరల్ జడ్జి తేల్చారు. ఆ ఒప్పందం కుదిరినప్పుడు అతని తరఫు లాయర్లలో మీ ప్రొఫెసరూ ఒకరు. ఏ ముద్దాయికైనా లాయరు ఉండాల్సిందే, కాదనను. కానీ ఆ అమ్మాయిల పక్షాన మీ ప్రాంగణంలో ఎవరున్నారు?

2025 నవంబరులో అతనితో విశ్వవిద్యాలయానికి ఉన్న సంబంధాలపై మీరు మళ్లీ విచారణ మొదలుపెట్టారు. అతన్ని ఎవరు పిలిచారో, ఎవరు చూసీ ఊరుకున్నారో పేర్లతో సహా ప్రకటించండి. బాధితుల పేర్లు మాత్రం దాచండి.