ఒక కన్ను తెరిచి

అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు నాలుగు రాత్రులు ఆసుపత్రి వరండాలో పడుకున్నాను. కింద చాప, తల కింద బట్టల సంచి, సంచిలో రిపోర్టుల కవరు. సిస్టర్ తలుపు తీసి "పదకొండో బెడ్డు తాలూకు ఎవరు?" అని కేకేస్తే వరండా అంతా లేచి కూర్చునేది. పడుకున్నామన్న మాటే గానీ, అందరిదీ కోడికునుకే.

ఆ కునుకు బాతులకు బాగా తెలుసు. 1999లో అమెరికాలోని ఇండియానా స్టేట్ యూనివర్సిటీలో నీల్స్ రాటెన్‌బోర్గ్ బృందం వరసగా కూర్చుని నిద్రపోయే బాతులను వీడియో తీసి చూసింది. మధ్యలో ఉన్నవి చాలావరకు రెండు కళ్లూ మూసుకున్నాయి. చివర్లలో ఉన్నవి మాత్రం తమ నిద్రలో దాదాపు మూడో వంతు ఒక కన్ను తెరిచే గడిపాయి. ఆ కన్ను తోటి బాతుల వైపు కాదు, ఎక్కువగా బయటి వైపే. ఎడమ కన్ను తెరిచి ఉంటే కుడివైపు మెదడు మేలుకుని ఉన్నట్టు, రెండో సగం నిద్రలో ఉన్నట్టు. మధ్యలోని బాతు ఆదమరచి పడుకుందంటే చివర ఇంకో బాతు కాపలా ఉందన్నమాట. ఇది చదివాక నాకు మా వరండా గుర్తొచ్చింది.

డాల్ఫిన్‌ది మరో ఇబ్బంది. నిద్రలో మన ఊపిరి దానంతట అదే ఆడుతుంది. డాల్ఫిన్ మాత్రం ప్రతి ఊపిరికీ పైకి తేలి, తలమీది రంధ్రాన్ని తానే తెరవాలి. ఒళ్లెరగకుండా పడుకుంటే ప్రాణం పోతుంది. అందుకే దాని మెదడు సగం సగంగా, వంతులేసుకుని నిద్రపోతుందని 1970ల్లో సోవియట్ శాస్త్రవేత్త ముఖమెతోవ్ బృందం కనిపెట్టింది. ఇంత కష్టంలోనూ ఆ జీవి నిద్రను వదులుకోలేదు చూడండి!

ఒడ్డు దొరికితే సంగతే వేరు. నీటిలో సగం మెదడుతో, ఒక పక్క రెక్క ఆడిస్తూ కునికే ఫర్ సీల్ అనే సముద్ర జంతువు, నేల మీదికి వస్తే చాలావరకు మనలాగే పూర్తిగా పడుకుంటుంది. గాలపగోస్ దీవుల ఫ్రిగేట్ పక్షులు రోజుల తరబడి సముద్రం మీద ఎగురుతూ రోజుకు 42 నిమిషాలే నిద్రపోయాయని రాటెన్‌బోర్గ్ బృందమే 2016లో తేల్చింది. గూటికి చేరాక పన్నెండు గంటలకు పైనే!

కాబట్టి సగం నిద్రను గొప్ప విద్యలా పొగిడితే నాకు మనసొప్పదు. అది గతిలేని నిద్ర. బాలింతను చూసి "తల్లి నిద్ర అంతేలే" అనేస్తాం, బిడ్డను ఒక్క గంట ఎత్తుకోం. రెండు షిఫ్టులు కాసిన వాచ్‌మన్ కునుకు తీస్తే జీతం కోస్తాం. రోగికి మంచం వేసే ఆసుపత్రి, రోగిని కనిపెట్టుకుని ఉండే మనిషికి ఆరడుగుల చోటు చూపదు. కొత్త చోట మొదటి రాత్రి మనిషికీ ఎడమవైపు మెదడులో నిద్ర పలచబడుతుందని బ్రౌన్ యూనివర్సిటీ వాళ్లు 2016లో చూపించారు. వరండాలో ఉన్నవాళ్లకు ఏ రాత్రయినా మొదటి రాత్రే.

నాలుగో రాత్రి పక్క చాప మీది అమ్మాయి నా మొహం చూసి, "అక్కా, మీరు పడుకోండి. మీ బెడ్డు నంబరు పిలిచినా నేనే లేపుతాను" అంది. తెల్లారి ఊడ్చేవాళ్లు వచ్చి చాప తీయమనేదాకా నాకు మెలకువ రాలేదు. ఆ పిల్ల గోడకు ఆనుకుని, తలుపు వైపే చూస్తూ కూర్చుని ఉంది.