చంద్రుడి నవ్వు

భాద్రపద శుద్ధ చవితినాడు తెలుగువారి ఇళ్ళలో చదువుకొనే వ్రతకథలో ఒక ఘట్టం ఉంది. కుడుములూ ఉండ్రాళ్ళూ కడుపారా ఆరగించిన విఘ్నేశ్వరుడు కైలాసానికి వెళ్ళి తల్లిదండ్రులకు నమస్కరించబోతాడు. నిండిన బొజ్జ అతణ్ణి వంగనివ్వదు. శివుని శిరస్సు మీది చంద్రుడు ఆ అవస్థ చూసి పకపకా నవ్వుతాడు. ఆ చూపు సోకి వినాయకుని బొజ్జ పగిలిపోతుంది. అప్పుడు పార్వతీదేవి శపించింది బొజ్జ ఉన్న కొడుకును కాదు, నవ్విన చంద్రుణ్ణి. ‘ఎందుకింత తిన్నావు నాయనా’ అని ఆ తల్లి ఒక్కమాటైనా అనలేదు.

ఏటా ఈ కథ విని అక్షతలు తలమీద వేసుకొంటాం. ఆ వెంటనే విస్తళ్ళ ముందు కూర్చుంటాం. ఆ పంక్తిలోనే కాస్త స్థూలకాయుడైన పిల్లవాడు రెండో బూరె అందుకోబోతే ‘ఏరా, వినాయకుడితో పోటీయా?’ అని మేనమామ ఎవరో అంటాడు. అందరూ నవ్వుతారు. పిల్లవాడూ నవ్వుతాడు. ఆ పిల్లవాడి నవ్వును గురించే నేను చెప్పదలచుకొన్నది.

మన భాషలోనే ఒక చిక్కు ఉంది. అహంకారిని ‘వాడికి కొవ్వెక్కింది’ అంటాం. పెద్దల మాట విననివాణ్ణి ‘ఒళ్ళు బలిసింది’ అంటాం. సోమరిని ‘ఒళ్ళు వంచడు’ అంటాం. శరీరంలో చేరిన కొవ్వు మనసులోని పొగరుకు గుర్తయినట్లు, లావుగా ఉండడమే ఒక నడవడిలోపమైనట్లు ఈ మాటలు మనకు తెలియకుండానే నేర్పుతాయి. ‘వాపు చూసి బలుపనుకొన్నట్లు’ అనే సామెతలో మాత్రం బలుపు మంచిదే; అక్కడ దాని అర్థం ఆరోగ్యం. 1832-33లో గుంటూరు సీమను ఊడ్చిపెట్టిన కరువునూ, 1876-78 నాటి ధాత కరువునూ అనుభవించిన జాతికి నిండైన ఒళ్ళు భాగ్యచిహ్నంగా తోచడంలో వింత లేదు. సెలవులకు ఇంటికి వచ్చిన మనవణ్ణి చూసి ‘చిక్కిపోయావురా’ అని అమ్మమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకోవడం బహుశా ఆ పాత భయానికి కొనసాగింపే. కాబట్టి మన ఇళ్ళలో స్థూలకాయం గల పిల్లలు ఒకేరోజున రెండు మాటలు వింటారు. వంటింట్లో ‘నా మీద ఒట్టు, ఇంకొక్క ముద్ద’ అన్నది మొదటిది. వీధి అరుగు మీద ‘ఇంత లావేమిటి?’ అన్నది రెండవది.

నా తప్పు కూడా ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. చాలా ఏళ్ళ కిందట మా కళాశాల వార్షికోత్సవానికి ఒక నాటకం వేయించాను. అందులో ఘటోత్కచుడి పాత్ర ఉంది. ఎవరికివ్వాలని నేను ఆలోచించనే లేదు. ద్వితీయ సంవత్సరంలో బాగా లావుగా ఉన్న ఒక కుర్రవాణ్ణి చూపించి ‘ఇంకెవరు, వీడే’ అన్నాను. తరగతి గొల్లుమన్నది. అతడూ నవ్వాడు. వేషం అద్భుతంగా వేశాడు, చప్పట్లు మోగాయి. నేనొక మంచి పని చేశాననే అనుకొన్నాను.

ఉద్యోగరీత్యా వేరే ఊళ్ళో స్థిరపడిన అతడు మొన్న చవితి పండక్కి వచ్చి నన్ను చూడడానికి ఇంటికి వచ్చాడు. మాటల మధ్యలో, ‘ఆ వేషమంటే నాకిష్టమే మాస్టారూ, అడిగి ఇచ్చి ఉంటే ఇంకా బాగా వేసేవాణ్ణి’ అన్నాడు. అతని గొంతులో నిష్ఠూరం లేదు. దానికంటే ఎక్కువ బాధించిన సంగతి ఒకటి అతడే చెప్పాడు. కళాశాలలో ఆరోగ్య పరీక్ష జరిగిననాడు బరువు తూచే యంత్రం దగ్గర నిలబడ్డ వ్యక్తి ఒక్కొక్కరి బరువును బిగ్గరగా చదివి, దూరంగా కూర్చున్నవారి చేత రాయించాడట. వరుసలో ముప్ఫైమంది ముందుండగానే ఇతడికి చెమటలు పట్టాయి. ఆ తరువాత పదేళ్ళపాటు అతడు మళ్ళీ ఏ యంత్రమూ ఎక్కలేదు. జ్వరం వచ్చినా వైద్యుని దగ్గరకు వెళ్ళడం వాయిదా వేసేవాడు. అక్కడా ముందు బరువే చూస్తారు కదా!

‘తిండి తగ్గించి, నాలుగడుగులు నడిస్తే సరి’ అనేది అందరూ ఇచ్చే సలహా. అది అబద్ధం కాదు కాని, అందులో సగం నిజమే ఉంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు ఆరోగ్యవంతులైన 36 మంది యువకులకు, వారి సమ్మతితోనే, 24 వారాలపాటు ఆహారం బాగా తగ్గించి ఇచ్చాడు. పస్తులు పెట్టలేదు, రోజుకు సుమారు 1,600 కేలరీలు ఇచ్చాడు. ఆ యువకులకు పగలూ రాత్రీ తిండి ధ్యాసే అయింది. వంటల పుస్తకాలు పోగుచేసుకొన్నవారు కొందరు. చిరాకు, దిగులు ఆవరించాయి. మళ్ళీ కావలసినంత పెట్టినప్పుడు ఎంత తిన్నా ఆకలి తీరలేదని చెప్పారు. వీరెవరూ స్థూలకాయులు కారన్నది గమనించాలి. తిండిధ్యాస గుణలోపం కాదు, బక్కచిక్కుతున్న శరీరం చేసే ఆక్రందన.

శరీరం మరొక పని కూడా చేస్తుంది. అమెరికాలో టెలివిజన్ పోటీలో పాల్గొని విపరీతంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ళ తరువాత పరీక్షించిన ఫలితాలు 2016లో వెలువడ్డాయి. సగటున 58 కిలోలు తగ్గినవారు 41 కిలోలు తిరిగి పెరిగారు. అంతకంటే ఆశ్చర్యమేమిటంటే, విశ్రాంతిగా ఉన్నప్పుడు వారి శరీరాలు ఖర్చు చేయవలసినదానికంటే రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువ ఖర్చు చేస్తున్నాయి. కొవ్వు కణాలు ‘లెప్టిన్’ అనే హార్మోను ద్వారా తమ నిల్వ ఎంతో మెదడుకు కబురు పంపుతాయని 1994లోనే కనుగొన్నారు. నిల్వ తరిగితే ఆ కబురు తగ్గుతుంది, మెదడు కరువు వచ్చిందనుకొని ఆకలి పెంచుతుంది. మన ముత్తాతలను బతికించిన ఏర్పాటే ఇది. నెలకు నాలుగు కిలోలు తగ్గి, ఆరు నెలల్లో మళ్ళీ పెరిగినవాణ్ణి చూసి ‘నోరు కట్టుకోలేకపోయాడు’ అని తీర్పు చెప్పేవారు ఈ సంగతి ఎరగరు.

ఇలా అన్నంత మాత్రాన స్థూలకాయం వల్ల చేటు లేదని నేననడం లేదు. మధుమేహం, రక్తపోటు, మోకాళ్ళ అరుగుదల మన ఇళ్ళలో అందరికీ తెలిసినవే. పైగా మన దేశీయులకు ఈ ముప్పు తక్కువ బరువుకే మొదలవుతుంది. పూనా వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యడ్కిన్ పక్కపక్కనే నిలబడి తీయించుకొన్న, 2004లో వెలువడిన ఛాయాచిత్రం వైద్యలోకంలో ప్రసిద్ధం. ఎత్తుకు తగిన బరువును సూచించే అంకె ఇద్దరికీ ఒకటే, 22.3. కాని కొవ్వు యడ్కిన్ శరీరంలో 9.1 శాతం, యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం. సన్నగా కనిపించేవారు నిశ్చింతగా ఉండవచ్చుననీ, లావుగా కనిపించేవారే దోషులనీ అనుకోవడం ఎంత పొరపాటో ఆ ఒక్క చిత్రం చెబుతుంది. కంటితో చూసి వైద్యం చేసే హక్కు వైద్యులకే లేదు, ఇక పక్కింటివారికెక్కడిది?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అధిక బరువో స్థూలకాయమో ఉన్న స్త్రీలు దేశంలో 24 శాతం. తెలంగాణలో 30, ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతానికి పైగా. ఇన్ని లక్షలమందికి ఒక్కసారిగా మనోబలం సడలిందా? మారినది జీవనవిధానం. దీనికి దూరం వెళ్ళి చూడనక్కరలేదు. మన ఆవాస కళాశాలలు చాలావాటిలో తెల్లవారకముందే మొదలైన చదువు రాత్రి పదింటికి గాని ముగియదు. అంతస్తుల భవనమే కళాశాల; ఆటస్థలం ప్రవేశ దరఖాస్తు మీది బొమ్మలో మాత్రమే ఉంటుంది. మూడు పూటలా అన్నమో పిండివంటకమో పెట్టి, పద్నాలుగు గంటలు బల్లకు అతికించి, రెండేళ్ళ తరువాత ‘ఇలా ఊరిపోయావేమిటి?’ అని పిల్లలనే అడుగుతాం. పిల్లలు ర్యాంకు తెచ్చినప్పుడు అది మన గొప్ప, బరువు తెచ్చినప్పుడు మాత్రం వాళ్ళ తప్పు.

ఆకలిని తగ్గించే కొత్త ఇంజక్షన్లు 2025లో మన దేశంలోకీ వచ్చాయి. అవి కొందరికి నిజంగా మేలు చేస్తున్నాయి. మానేస్తే బరువు చాలావరకు తిరిగి వస్తుందని పరిశీలనల్లో తేలింది. వాటి సంగతి వైద్యులు చూసుకొంటారు. సిగ్గుకు మాత్రం ఏ ఇంజక్షనూ లేదు. సిగ్గుపడ్డవాడు బరువు తగ్గడు. నలుగురిలో తినడం మాని ఒంటరిగా తింటాడు, ఆటస్థలానికి వెళ్ళడం మానేస్తాడు. నా విద్యార్థి అచ్చంగా అదే చేశాడు. నడక మొదలుపెట్టిన రోజుల్లో కాలువగట్టు మీదకు చీకటి పడ్డాకనే వెళ్ళేవాడట. వెలుతురులో వెళితే ఎవరో ఒకరు సైకిలాపి, ‘గట్టు కుంగుతుందేమో చూసుకో’ అనేవారట. పాములుంటాయని తల్లి భయపడేది. ‘పాములు ఏమీ అనవు కదమ్మా’ అని జవాబిచ్చేవాడట. ఇది చెప్పి అతడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

తొమ్మిది కిలోలు తగ్గాననీ, అందులో ఆరు తిరిగి వచ్చాయనీ, మళ్ళీ నడుస్తున్నాననీ అతడు చెప్పాడు. ఇప్పుడు పగలే నడుస్తున్నాడు. తోడుగా ఒక స్నేహితుడు వస్తున్నాడట. అతడు సన్ననివాడు, బరువు మాట ఎన్నడూ ఎత్తడట. రాజకీయాలూ క్రికెట్టూ మాట్లాడుకొంటూ ఇద్దరూ నాలుగు కిలోమీటర్లు వెళ్ళి వస్తారు. మా ఆవిడ పళ్ళెంలో ఉండ్రాళ్ళు తెచ్చి పెట్టింది. ‘వద్దండీ’ అంటాడేమో, ‘ఇంకొకటి తీసుకో’ అనాలేమో అని నేను తటపటాయిస్తూనే ఉన్నాను. అతడు రెండు తీసుకొని, తీరికగా తిని, చేయి కడుక్కొన్నాడు. మేమెవరం ఏమీ అనలేదు.